ఏ గేరులో ఎక్కితే ఆ గేరులో

2023 దసరా వెళ్లిన వారం. రాత్రి తొమ్మిదింటికి మా అబ్బాయి ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్ నుంచి ఫోన్ చేశాడు.

"నాన్నా, ఒక స్పోర్ట్స్ కారు కొన్నాను. దాని గేరు పెట్టె తీసేసి వేరేది వేస్తున్నాను."

"కొన్నప్పుడే పాడైపోయి ఉందా?"

"లేదు, బాగానే ఉంది. ఆటోమేటిక్‌ది తీసి మాన్యువల్‌ది వేస్తున్నా."

బాగున్నదాన్ని విప్పడమేమిటో, ఖల్లికోట కాలేజీలో బి.కాం. చదివి ముప్పయ్యేళ్లుగా బ్యాంకులో అప్పులిస్తున్న నా బుర్రకి ఎక్కలేదు. పైగా ఆ నెలలోనే నేను మోకాలి నొప్పి పడలేక పాత కారు అమ్మేసి క్లచ్ తొక్కక్కర్లేని బండి కొన్నాను. ఇక్కడ తండ్రి ఎడమకాలికి సెలవిస్తుంటే అక్కడ కొడుకు పని కల్పిస్తున్నాడు. "ఇద్దరూ బళ్లు మార్చుకుంటే సరిపోయేది కదా" అంది మా ఆవిడ.

వాడు కొన్నది మాజ్డా మియాటా. 1989లో అమెరికాలో అమ్మకానికొచ్చిన రెండు సీట్ల చిన్న బండి. పైకప్పు వెనక్కి మడవచ్చు. మొదటి మోడళ్లకి హెడ్‌లైట్లు కప్పకళ్లలా పైకి లేస్తాయి. వాడిది 1992 నాటిది. ఆ దేశంలో ఆటోమేటిక్ గేర్లు 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్లలో హైడ్రామాటిక్ పేరుతో వచ్చి, తర్వాత అంతటా పాకిపోయాయి. ఇప్పుడక్కడ క్లచ్ తొక్కేవాళ్లే అరుదు. అయితే స్పోర్ట్స్ కారు మోజున్నవాళ్లకి మాత్రం చేత్తో గేరు వెయ్యందే తృప్తి ఉండదట. అందుకే ఆటోమేటిక్ మియాటా చౌకగా దొరుకుతుంది. మావాడు అదే కొన్నాడు.

అసలు తమాషా ఏమిటంటే, మావాడికి క్లచ్ బండి నడపడం రాదు! బరంపురంలో ఉన్నన్నాళ్లూ గేర్లు లేని స్కూటీ తోలాడు. కారు నేర్చుకున్నది అమెరికా వెళ్లాకే.

ఆదివారాల్లో వీడియోలో ఆ పని చూపించేవాడు. గేరు పెట్టె ఒక్కటి మారిస్తే అయిపోతుందనుకున్నాను. కాదు. ఆటోమేటిక్‌లో ఇంజను తిప్పుడు నూనె ద్వారా చక్రాలకి అందుతుంది. దానికో టార్కు కన్వర్టరు, దాన్ని పట్టుకునే పలచటి రేకు ఉంటాయి. అవి తీసేసి బరువైన ఫ్లైవీలు, దాని మధ్యలో చిన్న బేరింగు, ఆపైన క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు బిగించాలి. క్లచ్ పెడల్ కొత్తగా పెట్టాలి, బ్రేకు పెడల్ వెడల్పు తగ్గాలి. పెడల్ తొక్కితే క్లచ్ విడిపోవడానికి నూనె గొట్టం, రెండు సిలిండర్లు కావాలి. వెనక చక్రాలకి వెళ్లే షాఫ్టు వేరు, గేరు పెట్టెని వెనక డిఫరెన్షియల్‌తో కలిపే పొడుగాటి ఫ్రేము వేరు. చివరికి ఇంజను కంప్యూటర్ డబ్బా కూడా వేరే. ఇవన్నీ పాత సామాన్ల దుకాణాల్లో ఒక్కొక్కటే ఏరుకుంటున్నాడు. నేను వింటూ మనసులో ఖర్చు కూడుకుంటున్నాను.

నవంబరు 27న వాడి ఉద్యోగం పోయింది.

అమెరికాలో హెచ్-1బి వీసా మీద ఉన్నవాళ్లకి ఉద్యోగం పోతే గడువు 60 రోజులు. ఈలోగా కొత్త కంపెనీ దరఖాస్తు పెట్టాలి, లేదా దేశం వదలాలి. వేలు మడిచి లెక్కపెడితే జనవరి 26. ఏటా జెండా వందనానికి వెళ్లే నాకు ఆ తేదీ అంటేనే గుండె దడ పట్టుకుంది.

ఆ కోపమంతా కారు మీద చూపించాను. "ముందు ఆ బొమ్మ అమ్మెయ్" అన్నాను.

"ఎవరు కొంటారు నాన్నా? గేరు పెట్టె నేలమీదుంది" అన్నాడు. తర్వాత నాలుగు రోజులు ఫోన్ ఎత్తలేదు.

ఆ నాలుగు రాత్రులూ నాకు మా నాన్నగారే గుర్తొచ్చారు. మాకొక పాత అంబాసిడర్ ఉండేది. ఆ రోజుల్లో అంబాసిడర్‌కి గేరు స్టీరింగు పక్కనే ఉండేది, హ్యాండ్ గేరు అనేవాళ్లం. దాని బుష్‌లు అరిగితే నడిరోడ్డు మీద గేరు ఇరుక్కుపోయేది. బానెట్ ఎత్తి చేత్తో కడ్డీలు కదిపితే గాని వదిలేది కాదు. 1993లో నేను బ్యాంకులో చేరిన కొత్త. నాన్నగారు ఊళ్లో లేనప్పుడు, గంజాం రోడ్ల మీద ఎన్నో అంబాసిడర్లకి చేయించినట్టే, మిస్త్రీ చేత మా బండికీ కింద రంధ్రం కోయించి ఫ్లోర్ గేరు పెట్టించాను. రెండు నెలల జీతం దానికే పోయింది.

నాన్నగారు తిరిగొచ్చి, తలుపు తీసి చూసి, "ముందు సీట్లో ముగ్గురం కూర్చునేవాళ్లం కదురా" అన్నారు. అంతే. తిట్టలేదు. ఎన్నో నెలలు ఆయన చెయ్యి అలవాటుగా స్టీరింగు పక్కకే వెళ్లి, గాలిని పట్టుకుని వెనక్కొచ్చేది. ఒక ఆదివారం నన్ను పక్కన కూర్చోబెట్టుకుని తప్తపాణి ఘాటీకి తీసుకెళ్లి, పైకెళ్లాక తాళాలు నా చేతిలో పెట్టారు. "ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగాలి. బ్రేకుని ఊరికే తొక్కుతూ ఉంటే అది వేడెక్కి, అసలు అవసరమప్పుడు పట్టదు. ఇంజనే నిన్ను ఆపుతుంది" అన్నారు.

ఐదో రోజున కాగితం తీసుకుని, కామర్స్ విద్యార్థిలాగా మావాడి లెక్క రాశాను. కారు మీద ఇంతదాకా పెట్టింది ఎలాగూ తిరిగిరాదు. దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. ఇక ముందు ఎంత పెట్టాలి, పెడితే ఏమొస్తుంది అన్నదే ప్రశ్న. సామాన్లన్నీ కొనేశాడు, మిగిలింది మూడు వందల డాలర్ల పని. విప్పిన బండికి పాత ఇనుము ధర. బిగించిన బండికి మంచి ధర. పైగా వాడు రోజూ ఆఫీసుకి నడిపే కారు మీద నెలనెలా వాయిదా ఉంది. దాన్ని అమ్మి అప్పు తీర్చేసి, అప్పు లేని ఈ బండి పూర్తి చేసుకోవడమే లాభం.

మెసేజ్ పెట్టాను: "అప్పున్న కారు అమ్మెయ్. బొమ్మ పూర్తి చెయ్." నిమిషంలో ఫోన్ మోగింది.

ఉదయం దరఖాస్తులు, ఇంటర్వ్యూలు, సాయంత్రం స్పానర్లు. డిసెంబరు అలా గడిచింది. సంక్రాంతి నాటికి బండి కదలడానికి సిద్ధమయింది. అప్పుడన్నాడు, "నాన్నా, ఇక నువ్వే నేర్పాలి".

ఖాళీ పార్కింగ్ స్థలంలో ఫోను అద్దం కింద నిలబెట్టాడు. ఇక్కడ రాత్రి తొమ్మిది, అక్కడ ఉదయం పదిన్నర. అక్కడ గేరు కుడిచేత్తో వెయ్యాలి. నా చెయ్యి మాత్రం గాలిలో ఎడమవైపే కదులుతోంది. అదృష్టం కొద్దీ పెడల్స్ వరస ఎక్కడైనా ఒకటే. "యాక్సిలరేటరు ముట్టుకోకు. క్లచ్ పూర్తిగా తొక్కి ఫస్టు వెయ్యి. మెల్లగా వదులు. ఇంజను గొంతు మారుతుంది చూడు, అక్కడ కాలు ఆపు." ఆరుసార్లు ఆగిపోయింది. ఏడోసారి కదిలింది. మా ఆవిడ చప్పట్లు కొట్టింది. నేను కళ్లజోడు తుడుచుకున్నాను.

51వ రోజున నార్త్ కరోలినాలోని షార్లెట్ నుంచి ఉద్యోగం ఖాయమైనట్టు కబురొచ్చింది. 56వ రోజున దరఖాస్తు దాఖలయింది. జనవరి 26న జెండా దగ్గర మామూలు మనిషిలా నిలబడ్డాను.

ఫిబ్రవరిలో వాడు ఆ బండిలోనే షార్లెట్ బయల్దేరాడు. నాలుగు వందల మైళ్లకి పైబడిన దారి, నడుమ వెస్ట్ వర్జీనియా కొండలు, ఆ తర్వాత బ్లూ రిడ్జ్ దిగుడు. ఆ రాత్రి నాకు నిద్ర లేదు. తెల్లవారుజామున ఫోనొచ్చింది.

"దిగిపోయాను నాన్నా. మూడో గేరులో. బ్రేకు అసలు వాడలేదనే చెప్పాలి. తాతయ్య మాట చెప్పావు కదా!"

మావాడు పుట్టకముందే పోయారు మా నాన్నగారు.

ఇది చదివి కుర్రాళ్లెవరైనా ఉత్సాహపడితే ఒక్క మాట. మన దేశంలో 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకి భిన్నంగా బండిని ఇష్టమొచ్చినట్టు మార్చడం కుదరదు. బీమా దగ్గర కూడా పేచీ వస్తుంది. ముందు కనుక్కోండి.

నా కొత్త బండి గురించి మిస్త్రీ చెప్పిన సంగతి కూడా చెప్పాలి. అది ఏ.ఎం.టి. రకం. అంటే లోపల ఉన్నది మామూలు గేరు పెట్టే, మామూలు క్లచ్ ప్లేటే. తొక్కే పని మాత్రం మన కాలికి బదులు యంత్రం చేస్తుంది. మొన్న తప్తపాణి నుంచి దిగుతూ లీవరు 'ఎం' వైపు లాగి రెండో గేరులో పెట్టాను. ఇంజను గట్టిగా మూలిగింది.

"బండికేమైనా అయిందా?" అంది మా ఆవిడ.

"లేదు, మావగారి మాట వింటోంది" అన్నాను.