వైట్‌క్లిఫ్ ఒడ్డున రెండు స్ట్రోబ్‌లు

వెస్ట్ వాంకూవర్‌లో హార్స్‌షూ బే పక్కనే ఉంది వైట్‌క్లిఫ్ పార్క్. ఇక్కడి నీళ్లను 1993లో సముద్ర రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. గాలాలు కనిపించవు. వీపున సిలిండర్లతో గులకరాళ్ల మీద ఆచితూచి నడిచే డైవర్లే కనిపిస్తారు. చలికాలంలో ప్లాంక్టన్ తగ్గి నీరు తేటపడుతుంది కాబట్టి, ఒళ్లు కొరికే చలిలోనే ఇక్కడ ఫొటోలవాళ్ల సందడి.

నన్ను రమ్మన్నది కాకినాడ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మిత్రుడు. కారు డిక్కీలోంచి రెండు స్ట్రోబ్‌లు, అంటే నీళ్లలో వాడే ఫ్లాష్‌లు, తీశాడు. రెండూ ఇనాన్ కంపెనీవే. పాతది జెడ్-240, గైడ్ నంబరు 24. కొత్తది జెడ్-330, గైడ్ నంబరు 33.

"కొత్తదాని సత్తా ఏపాటిదో చూద్దామన్నా" అంటూనే కెమెరా హౌసింగ్ ఓ-రింగు తీసి, వెలుతురుకు ఎత్తిపట్టి చుట్టూ తిప్పి చూశాడు. వేలికొసతో సిలికాన్ గ్రీజు పలచగా రాసి మళ్లీ గాడిలో కూర్చోబెట్టాడు. అక్కడ ఒక్క వెంట్రుక చిక్కుకున్నా ఉప్పునీరు లోపలికి దిగుతుంది.

గైడ్ నంబరంటే అపర్చర్‌ను దూరంతో గుణిస్తే వచ్చే అంకె. కంపెనీలు దాన్ని గాలిలో, ఐఎస్ఓ 100 దగ్గర కొలిచి చెబుతాయి. నీళ్లలో అది బాగా పడిపోతుంది. వెలుగు ఆ అంకె వర్గాన్ని బట్టి పెరుగుతుంది గనుక 24కూ 33కూ మధ్య తేడా దాదాపు రెట్టింపు, అంటే ఒక స్టాప్. అదే స్టాపు మీటరు దూరం నుంచి డెబ్భై సెంటీమీటర్లకు జరిగినా దక్కుతుంది.

ఆ సంగతి తేల్చడానికే అతను తన జోడీ డైవరుతో దిగాడు. ముడులు వేసిన తాడు కొలతగా, ఎఫ్8 దగ్గర, ఫుల్ పవర్‌లో, ఒకే నారింజరంగు సముద్రదోసకాయను తీశాడు. తరవాత కారు హీటరు ముందు వేళ్లు కాచుకుంటూ ఫొటోలు చూపించాడు. మీటరు దూరం నుంచి పాత స్ట్రోబ్‌తో తీసింది చీకటిగా ఉంది. కొత్తదానితో తీసింది వెలుగ్గా ఉంది గానీ రంగు కాస్త వెలిసినట్టుంది. డెబ్భై సెంటీమీటర్ల నుంచి పాతదానితో తీసినదాంట్లో అంత వెలుగూ ఉంది, నారింజ రంగూ నిండుగా ఉంది. నీరు ముందుగా మింగేది ఎరుపునే. వెలుగు మీటరు పోయి మీటరు తిరిగి వచ్చేసరికి రెండు మీటర్ల నీటికి సుంకం కట్టాలి. దూరం తగ్గితే మధ్యలో తేలే నలకలూ తగ్గుతాయి. పెద్ద స్ట్రోబ్ వాటిని కూడా అంతే ధాటిగా వెలిగిస్తుంది.

అందుకే కొత్తగా మొదలుపెట్టేవాళ్లు డబ్బును ముందు బాగా దగ్గరికి వెళ్లి తీయగలిగే వైడ్ లెన్సు మీద పెట్టడమే మేలని నా అభిప్రాయం. అలాగని పెద్దది దండగ కాదు. సూర్యుడికి ఎదురుగా తీసేటప్పుడు, అపర్చర్‌ను ఎఫ్16 దాకా బిగించాల్సి వచ్చినప్పుడు ఆ స్టాపు కావాలి. సగం పవర్‌లో వాడితే త్వరగా చార్జవుతుంది కూడా.

చివరి ఫొటోలో బండసందున తెల్లటి గుడ్లముద్ద, దాని ముందు మగ లింగ్‌కాడ్ చేప. గుడ్లు పిల్లలయ్యేదాకా అది కాపలా వదలదు. "దీని దగ్గరికి మాత్రం వెళ్లనన్నా, బెదిరి పక్కకి తప్పుకుంటే గుడ్లు వేరే చేపల పాలవుతాయి" అన్నాడు. మీటరున్నర దూరంలోనే ఆగి, కొత్త స్ట్రోబ్‌ను ఫుల్ పవర్‌లో ఒక్కసారి వెలిగించి వచ్చేశాడట.