గాజునాళములో ఒక గంట

ఈ.ఎస్.ఆర్. పరీక్షలో యంత్రాడంబర మేమియు లేదు. నాలుగు పాళ్ల రక్తమునకు ఒక పాలు సోడియం సిట్రేటు ద్రావణమును చేర్చి, 200 మిల్లీమీటర్ల వరకు గీతలుగల సన్నని గాజునాళములోని కెక్కించి, నిట్టనిలువుగా నిలిపి, గంట గడచిన పిమ్మట ఎఱ్ఱకణములు దిగగా పైన తేరిన రసము ఎన్ని గీతల మేర నున్నదో చదువుటయే. స్వీడను వైద్యుడు వెస్టర్‌గ్రెన్ 1921లో ఈ పద్ధతిని క్షయరోగులయందు పరిశీలించి ప్రకటించెను. అందుచేతనో ఏమో, ఈ అంకె పెరిగినదనగానే క్షయ యని భయపడు అలవాటు మన పల్లెలలో నేటికిని పోలేదు.

నేతపనివారి ఇంటి యువతి యొకతె, చంకలో పాలు మరువని బిడ్డతో వచ్చి, 64 అను అంకె క్రింద ఎఱ్ఱసిరాతో రెండు గీతలు గీసిన కాగితమును నా బల్లపై నుంచి, "టి.బి. మందులు ఆరు నెలలు వాడాలన్నారు డాక్టరుగారూ, పిల్లకు పాలివ్వొచ్చా?" అని అడిగెను. దగ్గు లేదు, సాయంకాలపు జ్వరము లేదు, బరువు తగ్గలేదు, మెడలో గడ్డలు లేవు. క్రిందిరెప్పను లాగి చూడగా లోపలి పొర రక్తపుచాయ లేక పాలిపోయి యున్నది. హీమోగ్లోబిన్ 6.8; ఛాతీ ఎక్స్‌రేలో దోషము కానరాలేదు.

శరీరమున ఎచ్చటనైన శోథము కలిగినపుడు కాలేయము ఫైబ్రినోజెను అను మాంసకృత్తును అధికముగా విడుచును. దాని ప్రభావమున ఎఱ్ఱకణములు ఒకదానినొకటి త్రోసివేయుట మాని, నాణెముల దొంతరలవలె పేరుకొని, బరువెక్కి వడిగా దిగును. కాని కణములే తక్కువైన రక్తములో అడ్డు తగ్గుటచేత, శోథము లేకున్నను అవి త్వరగా దిగును. వార్ధక్యమున, గర్భిణీస్థితియందు, తుదకు నాళము కొంచెము వాలినను, గది వేడెక్కినను అంకె పెరుగును. రెప్ప లాగి చూచుటకు అరనిమిషము చాలును. ఆ అరనిమిషమైనను వెచ్చింపక, ఒక బాలింతకు ఆరు నెలల మందులు వ్రాయుట నాకు సహింపరాని విషయము. ఇనుము మాత్రలతో మూడు నెలలకు ఆమెకు రక్తము పట్టి, అంకె 22కు దిగినది.

అట్లని ఈ పరీక్షను తృణీకరింపరాదు. నడుమునొప్పికి నెలలతరబడి మాత్రలు మ్రింగుచున్న వృద్ధరైతు నొకనికి ఈ.ఎస్.ఆర్. 130 రాగా, సి.ఆర్.పి. అను మరియొక రక్తపరీక్షను కూడ చేయించితిని. శోథము పుట్టిన కొలది గంటలలోనే పెరిగి, అది చల్లారగానే త్వరగా తగ్గు ఆ సి.ఆర్.పి. ఆయనయందు దాదాపు సహజముగా నుండెను. ఈ రెండింటి పొందిక చెడుటయే నన్ను ఎముకమజ్జవైపు నడిపించినది: దొంతరలు కట్టించుచున్నది శోథము కాక, మజ్జలో విచ్చలవిడిగా పుట్టుచున్న మాంసకృత్తు కావచ్చునని తోచినది. రక్తములోని మాంసకృత్తులను వేరుపరచి చూపు ఎలక్ట్రోఫోరెసిస్, మజ్జ పరీక్షలు మైలోమా అను మజ్జ క్యాన్సరును నిర్ధారించినవి. నొప్పిమాత్రలను ఆ దినముననే మాన్పించితిని. ఏలయన, ఆ వ్యాధిలో మూత్రపిండములను చెడగొట్టు వానిలో అవియు నొకటి.