వెనుక ఇంజను

హిమాచల్ ప్రదేశ్‌లో ధర్మశాలకు ఎగువన, గల్లూ దేవి గుడి దగ్గర ఆ కాలిబాట మొదలవుతుంది. అక్కడినుంచి త్రియుండ్ అనే పచ్చిక గట్టుకు దూరం సుమారు 6 కిలోమీటర్లు. ఎక్కవలసిన ఎత్తు 700 మీటర్లకు పైచిలుకు. గుడి పక్కన టీ కాచే కుర్రవాడు ఈ రెండు అంకెలూ చెప్పగానే ఆయన మనస్సులోనే భాగహారం చేసి, "ఎనిమిదింటికి ఒకటి" అన్నాడు.

ఆమెకు వివరణ అక్కరలేకపోయింది. ముప్పయ్యైదేళ్ల పాటు గూడ్సు బండి డ్రైవరుకు భార్యగా ఉన్న మనిషి. ఎనిమిది అడుగులు ముందుకు సాగితే ఒక అడుగు పైకి లేస్తుందన్న మాట. ఆయన ఉద్యోగమంతా వాల్తేరు డివిజనులో, కొత్తవలస నుంచి కిరండూల్ పోయే కొండలైను మీద గడిచింది. అక్కడి ఘాట్ సెక్షనులో ఎక్కుడు అరవైకి ఒకటి మాత్రమే. పళ్లచక్రం పట్టాలు పట్టుకొని ఎక్కే నీలగిరి రైలుకు సైతం పన్నెండింటికి ఒకటి. "ఇనుముకు సాధ్యం కానిది మోకాళ్లకు సాధ్యమవుతుందా?" అన్నాడు ఆయన, ఆమె మోకాళ్ల వంక చూస్తూ. ముందురోజు రాత్రి హోటలు గదిలో జరిగిన వాదనకు ఇది కొనసాగింపు. నువ్వు గదిలో ఉండు, నేను వెళ్లి ఫోటోలు తెచ్చి చూపిస్తానన్నది ఆయన పక్షం. ఆమె పక్షంలో వాదన ఏమీ లేదు. తెల్లవారి లేచి బూట్లు తొడుక్కున్నది, అంతే.

2016 మే నెల. ఆయన పదవీ విరమణ చేసి రెండేళ్లయింది.

బయలుదేరేసరికి పదిన్నర దాటింది. ఇది తప్పు. ధౌళాధార్ పర్వతాల మీద వేసవిలో ఉదయం ఎంత నిర్మలంగా ఉన్నా, మధ్యాహ్నానికి లోయలోని వేడిగాలి పైకి లేచి, కొండగోడకు తగిలి, మబ్బుగా మారుతుంది. అందుకే తెలిసినవారు ఆరింటికే నడక మొదలుపెడతారు. హోటలు యజమాని ఆ సంగతి చెప్పాడు కూడా. వాదనలో మునిగినవారికి వాతావరణం వినబడదు.

మొదటి రెండు మైళ్లు బాట సౌమ్యంగానే ఉంటుంది. ఒకవైపు సింధూరవృక్షాలూ, దేవదారులూ. నడుమ నడుమ బురాన్ష్ చెట్లు. వాటి ఎర్రపూలు వసంతంలోనే రాలిపోయి ఉన్నాయి. మరొకవైపు కాంగ్డా లోయ, మైదానం దాకా దుప్పటి పరచినట్లు. గంటలు కట్టిన కంచరగాడిదలు గ్యాసు సిలిండర్లూ, బియ్యం మూటలూ మోసుకొని పోతుంటే మనుషులు కొండవైపుకు ఒదిగి దారి ఇవ్వాలి. లోయవైపుకు ఒదిగినవాడు అమాయకుడు. సగం దారిలో, 1984 నుంచి ఉన్నానని బోర్డు మీద చెప్పుకొనే ఒక టీ దుకాణం ఉన్నది. కింద ఉన్న ధర అక్కడ ఉండదు. ఆయన బేరమాడబోయాడు. ఆమె ఏమీ అనకుండా అప్పుడే ఎక్కివచ్చిన కంచరగాడిద మూపురం మీది చెమట వైపు చూసి, డబ్బు లెక్కపెట్టి ఇచ్చింది.

ఆయన నడక వేగం. విశాఖపట్నం వీధుల్లోనూ పదడుగులు ముందే ఉండేవాడు. ఆమె కూరల సంచితో వెనుక. మన దేశంలో ఇది ఎంత సాధారణ దృశ్యమంటే దాన్ని ఎవరూ దృశ్యంగా గుర్తించరు. ఇక్కడా అదే వరుస సాగింది. పదడుగులు యాభై అయ్యాయి. యాభై ఒక మలుపయింది. "పైన కలుస్తాను" అని కేకవేసి ఆయన సాగిపోయాడు.

చివరి కిలోమీటరును అక్కడివారు ఇరవైరెండు మలుపులంటారు. చెట్లు పలచబడి, బాట పెద్ద పెద్ద బండరాళ్ల మెట్లుగా మారి, ఒక్కొక్క మలుపులో మోకాలు నడుము దాకా లేస్తుంది. ఆయన గుండె చెవుల్లో కొట్టుకుంటుండగా, ఆగకుండా ఎక్కి, రెండు గంటలకు గట్టు చేరాడు.

త్రియుండ్ ఎత్తు సుమారు 2,850 మీటర్లు. గట్టు ఎక్కినంతసేపూ కనబడని ధౌళాధార్ శ్రేణి, చివరి అడుగు వేయగానే ఒక్కసారిగా ఎదుట నిలబడుతుంది. మంచుచారలతో నల్లని రాతిగోడ. ఆ గోడలోనే 4,342 మీటర్ల ఎత్తున ఇంద్రహార్ కనుమ. వేసవిలో గద్దీ కాపరులు మందలను ఆ కనుమ దాటించి చంబా వైపు తోలుకొనిపోతారు. గట్టు మీద అటవీశాఖవారి పాత విశ్రాంతి గృహం, నాలుగైదు దుకాణాలు, పచ్చికలో రంగురంగుల గుడారాలు. ఆయన ఫోటోకు చేయి ఎత్తబోయేసరికి ఆ గోడ లేదు. తెల్లని మబ్బు దానిని మింగి, గుడారాలను మింగి, బాట కొసను కూడా మింగింది.

మొదటి పావుగంట ఆయన విసుక్కున్నాడు. రెండవ పావుగంటలో గడియారం చూశాడు. ఫోనులో సంకేతం లేదు. తరువాత పిడుగు, దాని వెంట వడగళ్లు. దుకాణంలోని రేకు కప్పు కింద పదిమంది యువకులు చేరి నవ్వుకుంటున్నారు. ఎక్కివస్తున్న ఎవరినైనా చూశారా అని ఆయన అడిగాడు. ఒక అమ్మాయి, "ఎర్ర శాలువా ఆంటీనా? చాలా కింద చూశాం" అన్నది. చాలా కింద అంటే ఎంత? మలుపుకు ముందా, తరువాతా? ఆ అమ్మాయికి తెలియదు.

మూడు గంటల పది నిమిషాలకు ఆయన దిగడం మొదలుపెట్టాడు. తడిసిన రాయి, దాని మీద దొర్లే వడగళ్లు. ఇనుపఖనిజంతో నిండిన బండిని కొండదిగువకు తేవడమే కష్టమని, ఎక్కించడం కాదని, కొత్తవారికి పాఠం చెప్పిన మనిషి ఆయన. చేతులతో బండలు పట్టుకొని, మలుపులు లెక్కపెడుతూ, ప్రతి మలుపులోనూ ఆమె పేరు పెట్టి పిలిచాడు. ఇంట్లో ఎన్నడూ ఆ పేరుతో పిలిచిన జ్ఞాపకం లేదు.

తొమ్మిదవ మలుపులో గొర్రెల వాసన తగిలింది. ముందుకు వంగిన ఒక బండ కింద గద్దీ కాపరి ఒకడు, అతని కుక్క, ఒక డజను మేకలు, వాటి మధ్యన ఎర్ర శాలువా. ఆమె ఒడిలో నాలుగురోజుల మేకపిల్ల నిద్రపోతున్నది. ఇద్దరికీ ఒకరి భాష మరొకరికి రాదు.

"మీరు వస్తారని తెలుసు. ఇంత త్వరగా వస్తారనుకోలేదు" అన్నది ఆమె.

ఆయన నిలబడలేక కూర్చున్నాడు. కాపరి తన కంబళి కొస ఆయన మోకాళ్ల మీదికి లాగాడు. కొంతసేపటికి ఆయన, "గంటసేపు పైన ఉన్నాను. ఏ కబురూ లేదు" అన్నాడు, ఫిర్యాదు చేస్తున్నట్లు.

ఆమె మేకపిల్ల చెవులు సవరించింది. వానాకాలంలో ఆ కొండలైను మీద కట్ట జారితే బండ్లు ఎక్కడివక్కడ నిలిచిపోయేవి. ఏ సొరంగానికి ఇవతల ఉన్నదో, అవతల ఉన్నదో కాలనీలో ఎవరికీ తెలిసేది కాదు. యాభైఎనిమిది సొరంగాలు. ఒకసారి రెండు రాత్రులు. ఆయన తిరిగివచ్చి, స్నానం చేసి, భోంచేసి నిద్రపోయేవాడు. ఆ రాత్రులు ఎలా గడిచాయని అడగడానికి కారణం ఉన్నట్లు తోచేది కాదు. ఆమె ఈ మాటలేవీ ఇప్పుడూ అనలేదు. "గంటా?" అన్నది. అంతే.

వడగళ్లు ఆగాయి. కిందికి పోదామన్నాడు ఆయన. మిగిలినవి కొద్ది మలుపులే కదా, పైకే పోదామన్నది ఆమె. ఈసారి ఆమె ముందు నడిచింది. ఇరవై అడుగులు, విశ్రాంతి. ఇరవై అడుగులు, విశ్రాంతి. బోర్ ఘాట్ వంటి చోట్ల బరువు బండికి వెనుకనుంచి మరొక ఇంజను తగిలిస్తారు, బ్యాంకర్ అంటారు. ముందువాడి వేగాన్ని అనుసరించి తోయాలి తప్ప తన ఇష్టానికి తోస్తే పెట్టెలు పట్టాలు తప్పుతాయి. ఆయనకు ఆ పని చేయవలసిన అవసరం సర్వీసులో ఎప్పుడూ కలగలేదు. నాలుగవ విశ్రాంతిలో ఆమె వెనుదిరిగి, "ఎందుకు తొందరపడి ఊపిరి పీలుస్తున్నారు?" అన్నది. ఆయన ఊపిరి కూడా తగ్గించుకున్నాడు.

గట్టు చేరేసరికి మబ్బు విడిపోయి, రాతిగోడ సంధ్యారాగంలో రాగిరేకులా ఉన్నది. అద్దె గుడారంలో రాత్రి గడిచింది. నీళ్లు అక్కడ అపురూపం. చాలా దూరంనుంచి మోసి తెస్తారు. అందుచేత ముఖం కడగడానికి ఒక్క చెంబు. చలికి నిద్రపట్టక ఇద్దరూ కంబళి కప్పుకొని గుడారం వాకిట కూర్చున్నారు. దిగువన కాంగ్డా లోయ దీపాలు.

"ఆ రెండు రాత్రులూ ఏం చేశావు?" అని అడిగాడు ఆయన.

ఆమెకు ఏ రెండు రాత్రులో చెప్పనక్కరలేకపోయింది. చెప్పడం మొదలుపెట్టింది. ఇంకా చెబుతుండగానే గోడ అంచున తెల్లవారింది.