ట్రక్కు వెనక ఎర్రదీపం

చల్లపల్లి చుట్టుపక్కల మా యానాది పేటల్లో ట్రాక్టరు సొంతంగా ఉన్నవాళ్ళు లేరు. కానీ ట్రాక్టరు ట్రక్కుతో మాకున్నంత సంబంధం దాని ఆసామికి కూడా ఉండదు. నాట్లకు అందులోనే పోతాం, కోతలకు అందులోనే పోతాం. నాగాయలంక, కోడూరు వైపు రొయ్యల చెరువులు పట్టే రాత్రుల్లో కూడా అందులోనే పోతాం. ట్రక్కు సరుకుకే గాని మనుషులకు కాదని చట్టం చెబుతుందని మాకు తెలుసు. తెల్లారేలోపు మమ్మల్ని పని దగ్గర దింపే బస్సు లేదని కూడా తెలుసు.

మూడేళ్ళ కిందట పుష్యమాసంలో, మంచు బాగా దిగిన తెల్లవారుజామున, మా పేట కుర్రాడొకడు మోటారు సైకిలు మీద వస్తూ రోడ్డు వార ఆగి ఉన్న గడ్డి ట్రక్కును వెనకనుంచి గుద్దుకున్నాడు. దానికి వెనక దీపం లేదు. కనీసం మెరిసే ఎర్ర స్టిక్కరైనా లేదు. వాడు మా దగ్గర అక్షరాలు దిద్దుకున్నవాడే. దినం నాడు పెద్దవాళ్ళు తలరాత అన్నారు. పేటలో పంతుళ్ళమైన మేము ఆ మాట మింగలేకపోయాం. పన్నెండు వోల్టుల దీపం వెలగకపోవడానికి కారణం తలరాతలో ఉండదు, తీగలో ఉంటుంది.

నిరుడు కోతల ముందు మా వాళ్ళు ఎక్కే ట్రక్కుకే ఆ జబ్బు వచ్చింది. దాన్ని తోలేది మా అల్లుడి వరస కుర్రాడు. "మామా, లైటు వేస్తే వెలుగుతుంది, బ్రేకు తొక్కితే ఆరిపోతుంది. ఎడమ సిగ్నలు వేస్తే రెండు పక్కలా మిణుకుమంటుంది" అన్నాడు. అప్పటికి రెండుసార్లు బల్బులు మార్చారు, ఒకసారి ఫ్యూజు మార్చారు. మీటరు పెట్టి చూస్తే పన్నెండు వోల్టులు చూపిస్తోంది, దీపం మాత్రం నిలవడం లేదు.

మేం ట్రక్కు చుట్టూ చేరి తలా ఒక మాట అంటుంటే ఒక ముసలాయన నవ్వాడు. "ఎలకను పట్టేటప్పుడు కనపడ్డ బొక్కల్లా తవ్వుతామా? ముందు కలుగు ఎటు పోయిందో చూస్తాం. తతిమ్మా బొక్కలు మూస్తాం. అప్పుడు కదా పొగ పెట్టేది" అన్నాడు. అదే పద్ధతి పెట్టుకున్నాం.

సిగ్నలు బల్బు ఒకటి, హోల్డరు ఒకటి, రెండు పొడుగాటి తీగలు, చివర క్లిప్పులు. ఇదే మా టెస్టు బల్బు. మీటరు కన్నా ఇదే మేలని అప్పుడు తెలిసింది. మీటరు దాదాపు కరెంటు తాగదు, అందుకని తీగలో ఒక్క పోగు మిగిలినా పన్నెండు వోల్టులు చూపిస్తుంది. బల్బు అలా కాదు, దానికి నిజంగా కరెంటు కావాలి. ఇరవై ఒక్క వాట్ల బ్రేకు బల్బు పన్నెండు వోల్టుల మీద ఆంపియరూ ముప్పావు లాగుతుంది. రెండు కలిస్తే మూడున్నర. దారిలో ఒక్క ఓము తుప్పు ఉన్నా రెండున్నర వోల్టుల పైన అక్కడే ఖర్చయిపోతాయి. 1827లో ఓము అచ్చు వేయించిన లెక్కే ఇది. బోర్డు మీద చెప్పిన సూత్రం బురద ట్రక్కు కింద పడుకుని చూస్తే గాని మాకే సరిగా బోధపడలేదు.

ముందు ట్రాక్టరు వైపు చూశాం. టెస్టు బల్బు ఒక కొసను బ్యాటరీ నెగెటివుకు తగిలించి, రెండో కొసతో వెనక సాకెట్లోని పిన్నులు ఒక్కొక్కటే ముట్టించాం. లైటు, బ్రేకు, సిగ్నళ్ళు అన్నీ వెలిగాయి. అంటే ట్రాక్టరు పంపాల్సింది పంపుతోంది. తర్వాత ప్లగ్గు పెట్టి ట్రక్కు వెనక బల్బు హోల్డరు దగ్గర చూశాం. బ్యాటరీ నెగెటివు నుంచి పొడుగు తీగ లాగి పరీక్షిస్తే అక్కడా బాగానే వెలిగింది. క్లిప్పు తీసి ట్రక్కు ఇనుముకే తగిలిస్తే ఆరిపోయింది. దొంగ దొరికాడు. కరెంటు వస్తోంది, తిరిగి పోయే దారి లేదు. అదే ఎర్తు.

ఆ ట్రక్కుకు ఎర్తు తీగే లేదు. ట్రాక్టరుకు ట్రక్కును తగిలించే పిన్ను ద్వారానే కరెంటు తిరిగి పోవాలి. ఆ పిన్ను నిండా తుప్పు, గ్రీజు, బురద. రొయ్యల ట్రేల నుంచి కారిన ఉప్పునీళ్ళు ఇనుమును ఇంకా తినేశాయి. దారి దొరకని కరెంటు పక్క బల్బుల్లోంచి తిరిగి పోవాలని చూస్తుంది. అందుకే ఒక మీట వేస్తే ఇంకో దీపం మిణుకుమనడం.

ఏడు పిన్నుల సాకెట్లలో చాలావాటికి మూడో అంకె పిన్ను ఎర్తుది. దాన్నుంచి రెండు దీపాలకూ విడిగా తీగ లాగాం. బోల్టు కింద రంగు గీకి బిగించాం. టేపు చుట్టిన అతుకులు విప్పి టంకం పెట్టాం. పచ్చబడిన పిన్నులు ఉప్పుకాగితంతో రుద్ది వ్యాజలీను రాశాం. తీగల రంగులను మాత్రం నమ్మలేదు, ఏ మెకానిక్కు దొరికిన తీగ ఆయన వేసి ఉంటాడు. ఛాసిస్ అంచుకు ఒరుసుకునే చోట రబ్బరు గొట్టం తొడిగాం. ఫ్యూజు పోతే రాగి పోగు చుట్టొద్దని అల్లుడికి ఒట్టు వేయించాం. అలా చుడితే ఫ్యూజు బదులు తీగే కాలుతుంది.

మొత్తం ఖర్చు మా వాళ్ళ ఒకరోజు కూలికి మించలేదు. ఆసామి ముందు "మీకెందుకర్రా ఈ పెత్తనం" అన్నాడు. ఎక్కేది మేము కదా అన్నాం. తర్వాత డబ్బులు ఆయనే ఇచ్చాడు.

ఇప్పుడు మా పేటలో ఒక అలవాటు పడింది. ట్రక్కు ఎక్కేముందు ఆడవాళ్ళలో ఒకరు వెనక నిలబడి "బ్రేకు తొక్కు అబ్బాయా" అంటారు. రెండు పక్కలా ఎర్రగా వెలిగితేనే క్యారేజీలు పైకి అందిస్తారు. వెలగకపోతే ఎవరూ ఎక్కరు. పోయిన వారం ఆ పిల్లాడి తల్లే వెనక నిలబడింది. దీపాలు వెలిగాయి. కాసేపు అలాగే చూసి, ఆఖరున తనూ ఎక్కింది.