ఆగిన చోటే అసలు కథ

కంప్యూటర్ నెమ్మదించింది. తప్పెవరిది? అది ఏం పని చేస్తోందో చూస్తే జవాబు దొరకదు. ఎక్కడ, ఎవరి కోసం ఆగిందో చూడాలి. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే ఒక కూతురికి ఆ సంగతి కామారెడ్డిలో ఉండే తండ్రి చెప్పాడు... రైలు భాషలో!

శనివారం రాత్రి కామారెడ్డి స్టేషన్‌లో దిగిన కూతురి ముఖం చూడగానే తండ్రికి అర్థమైంది, ఏదో జరిగిందని. ఆయన ఆ లైన్లోని చిన్నాపెద్దా స్టేషన్లలో మాస్టరుగా పనిచేసి రిటైరయ్యాడు. రైలు ఆలస్యమైతే జనం ముఖాలు ఎలా ఉంటాయో ఆయనకు తెలియంది కాదు.

‘‘ఏమైంది బిడ్డా?’’

‘‘పొద్దున పదిగంటలకు మా బిల్లింగు ప్రోగ్రాం ఇరవై సెకన్లు బిగుసుకపోతున్నది బాపూ. నేను రాసిన భాగం వల్లనే అంటున్నరు. నాకైతే తప్పు కనవడ్తలేదు.’’

విషయం చిన్నదే. కానీ వారం రోజులుగా మీటింగుల్లో అందరి చూపూ ఆమె మీదే. ప్రాసెసర్ ఎంత పనిచేస్తోందో కొలిచే సాధనం పెట్టి చూసింది. బిగుసుకుపోయిన ఆ ఇరవై సెకన్లూ ప్రాసెసర్ దాదాపు ఖాళీ! పని లేదు, అయినా ఆలస్యం. ఇదెక్కడి చోద్యం?

తండ్రి నవ్వాడు. ‘‘బండి లేటయితే ఇంజన్ జోరు తక్కువైందనుకుంటరు అందరు. మేము ఇంజన్ను చూడం. ఏ స్టేషన్ల ఎంతసేపు ఆగింది, ఎవని కోసం ఆగింది... రిజిస్టర్ల చూస్తం. నీ కంప్యూటర్ల రిజిస్టర్ లేదా?’’

రిజిస్టరు చెప్పే నిజం

నిజాం కాలంలో మీటర్ గేజ్‌గా వేసిన దారి అది. తర్వాత బ్రాడ్‌గేజ్ అయినా దశాబ్దాల పాటు ఒంటి లైనే. మేడ్చల్-ముద్ఖేడ్ మధ్య రెండో లైనుకు కేంద్రం ఆమోదం తెలిపింది 2023లోనే. ఒంటి లైనంటే తలమడ్లలో ఒక బండి కదలాలంటే కామారెడ్డిలో ఇంకోటి ఆగాలి. అందుకే ప్రతి స్టేషన్‌లో ఒక రిజిస్టరు. లైన్ క్లియర్ ఎప్పుడు అడిగారు, ఎప్పుడు ఇచ్చారు, బండి ఎన్నింటికి వచ్చింది, ఎన్నింటికి వెళ్లింది... జరిగింది జరిగినట్టు, గడియారం చూసి రాయాలి. రాసింది చెరపకూడదు. పొరపాటు పడితే, పాత అంకె కనిపించేలా దాని మీద ఒక గీత గీసి, సరైనది రాసి పొట్టి సంతకం పెట్టాలి.

కంప్యూటర్‌లోనూ అలాంటి రిజిస్టరు ఉంది. దాని పేరు ఈవెంట్ ట్రేసింగ్. మైక్రోసాఫ్ట్ దీన్ని విండోస్ 2000తోనే తెచ్చింది. సన్ మైక్రోసిస్టమ్స్‌లో బ్రయాన్ కాంట్రిల్, మైక్ షాపిరో, ఆడమ్ లెవెంతాల్ తయారు చేసిన డీట్రేస్ 2005లో సొలారిస్ 10తో పాటు వచ్చింది. లైనక్స్‌లో ఎఫ్‌ట్రేస్ 2008లో చేరింది. పేర్లు వేరైనా పని ఒక్కటే. ఏ పని ఏ క్షణాన మొదలైంది, ఎప్పుడు పక్కకు తప్పుకుంది, దేని కోసం ఎదురుచూసింది, దాన్ని మళ్లీ ఎవరు లేపారు... అన్నీ టైముతో సహా నమోదవుతాయి. సెకనుకు వేలాది నమోదులు! నడుస్తున్న ప్రోగ్రామును ఆపనక్కర్లేదు. కావాల్సినప్పుడు మొదలుపెట్టి, చాలనుకున్నప్పుడు ఆపేయొచ్చు.

అంగారకుడి మీద ‘గూడ్సు’ బండి

ఈ రిజిస్టరు విలువ ఏమిటో 1997లో ప్రపంచానికి తెలిసింది. ఆ ఏడాది జులై 4న నాసా వారి మార్స్ పాత్‌ఫైండర్ అంగారకుడి మీద దిగింది. కొద్దిరోజులకే దాని కంప్యూటర్ ఉన్నట్టుండి తనంతట తానే మళ్లీ మొదలవడం ఆరంభించింది. అలా జరిగినప్పుడల్లా ఆ రోజు చేయాల్సిన మిగతా పని మర్నాటికి వాయిదా. కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నదాన్ని విప్పి చూసేదెలా?

కాలిఫోర్నియాలోని జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీ ఇంజినీర్లు నేల మీద ఉన్న నకలు యంత్రంలో అదే సాఫ్ట్‌వేర్‌ను, ట్రేసింగ్ పెట్టి, గంటల తరబడి నడిపించారు. చివరికి అదే జబ్బు అక్కడా బయటపడింది. రికార్డు తీసి చూస్తే గుట్టు రట్టయింది.

రైలు భాషలో చెప్పాలంటే... వాతావరణ సమాచారం సేకరించే చిన్నపని గూడ్సు బండి లాంటిది. అది ఒంటి లైను తాళం చేతిలో పెట్టుకుంది. అదే తాళం కోసం ఎక్స్‌ప్రెస్ లాంటి ముఖ్యమైన పని వాకిట్లో నిలబడింది. ఈలోగా ఓ మోస్తరు ప్రాధాన్యం ఉన్న ప్యాసింజర్లు వచ్చి, గూడ్సుకు కావాల్సిన ఇంజన్‌ను వాడేసుకున్నాయి. గూడ్సు కదలదు, తాళం వదలదు, ఎక్స్‌ప్రెస్ వెళ్లదు. ముఖ్యమైన పని వేళకు పూర్తికాలేదని గమనించిన కాపలా ప్రోగ్రాం మొత్తం కంప్యూటర్‌నే మళ్లీ మొదలుపెట్టేది.

మందు కూడా చిన్నదే. ఎక్స్‌ప్రెస్ ఎదురుచూస్తున్నంతసేపూ గూడ్సుకే ఎక్స్‌ప్రెస్ హోదా ఇవ్వాలి. ఆ ఏర్పాటు సాఫ్ట్‌వేర్‌లో ముందే ఉంది. కాకపోతే ఆ తాళానికి వాడలేదు. భూమి మీంచే ఆ మార్పు పంపారు. జబ్బు కుదిరింది. ఇందులో గమనించాల్సింది ఇంకోటుంది. ప్రయోగానికి ముందు పరీక్షల్లోనూ ఇలాంటి తడబాటు కనిపించింది. మళ్లీ రప్పించలేకపోవడంతో కారణం తేలకుండానే మిగిలిపోయింది!

దొరికింది ఎవరు?

సోమవారం ఉదయం పదికి ఐదు నిమిషాల ముందు ఆమె ట్రేసింగ్ మొదలుపెట్టింది. ప్రోగ్రాం ఎప్పట్లానే బిగుసుకుంది. రికార్డు తెరిచింది. ఆమె రాసిన భాగం ఒక తాళం కోసం నిలబడి ఉంది. ఆ తాళం ఇంకో భాగం చేతిలో ఉంది. ఆ భాగమేమో నెట్‌వర్కులో ఒక ప్రింటర్‌ను పిలిచి, జవాబు కోసం చూస్తోంది. ఆ ప్రింటర్‌ను ఎప్పుడో తీసేశారు. లేని ప్రింటర్ పలికేదెప్పుడు? గడువు దాటాక విసిగి, తాళం వదిలేదాకా అందరూ ఆగాల్సిందే.

హమ్మయ్య అనుకుంది. తప్పు తనది కాదు. ఆ భాగం రాసిన ఉద్యోగి సంస్థ వదిలి వెళ్లి చాలాకాలమైంది. అతని పేరు చెప్పేస్తే సరిపోయేది. కానీ అదే రికార్డులో, కొంచెం కింద, ఇంకో సంగతి కనిపించింది. ఒకసారి చదివితే చాలిన ఫైలును ఆమె ప్రోగ్రాం వందలసార్లు తెరుస్తోంది. దానివల్ల పోయేది రెండు సెకన్లే. ఎవరూ అడగలేదు, ఎవరికీ తెలియదు.

చెప్పాలా? వద్దా?

ఆ రాత్రి తండ్రికి ఫోన్ చేసింది. అంతా విని ఆయన ఒక్కమాటే అన్నాడు. ‘‘రిజిస్టర్ల చెరిపేది ఉండదు బిడ్డా. గీత గీసి సంతకం పెట్టుడే.’’

మర్నాడు మీటింగులో ఆమె రెండూ చూపించింది. ముందు ప్రింటర్ సంగతి, తర్వాత తన రెండు సెకన్లు. వెళ్లిపోయిన ఉద్యోగి పేరు ఎత్తలేదు. ప్రింటర్‌ను పిలిచేటప్పుడు తాళం చేతిలో ఉంచుకోకుండా మార్చారు. ఆమె తన ఫైలు గొడవ సరిచేసుకుంది. ఇప్పుడు పది గంటలకు బిల్లు టకటకా వస్తోంది.

ఆలస్యం అనగానే మనం మనిషిని వెతుకుతాం. ఇంట్లో అన్నం ఆలస్యమైనా, ఆఫీసులో ఫైలు కదలకపోయినా అంతే. ఎదురుగా కనిపించేవాళ్ల మీద నింద వేస్తాం. వాళ్లు మాత్రం ఎవరి కోసమో ఎదురుచూస్తూ ఉండొచ్చు. గొంతు పెంచేముందు రిజిస్టరు తెరవడం మంచిది. అందులో మన పేరు కూడా ఉండొచ్చు!