జొరం ఎన్నో రోజు?

శ్రీకాకుళం జిల్లాలో ఉద్దానం ప్రాంతపు రోగులు ఎక్కువగా వచ్చే ఓ ప్రభుత్వాసుపత్రి. జ్వరాల వార్డులో రౌండ్స్ తొమ్మిదింటికి మొదలవుతాయి. కార్తీకం నడుస్తోంది. వానలు వెనకబట్టి చలి ఇంకా ముదరని ఈ వారాల్లో డెంగీ పూర్తిగా పోదు, ఏజెన్సీ నుంచి మలేరియా కేసులు దిగుతూనే ఉంటాయి, తుప్పల్లోంచి స్క్రబ్ టైఫస్ మొదలవుతుంది. మొదటి మూడు నాలుగు రోజులూ అన్నీ ఒకేలా ఉంటాయి. జ్వరం, తలనొప్పి, ఒళ్ళు విరిచేసే నొప్పులు. వాటిని ఎలా విడదీస్తారో చూద్దామని అనుమతి తీసుకుని అక్కడి అంటువ్యాధుల వైద్యురాలి వెంట నడిచాను. రోగులెవరో పోల్చుకునేందుకు వీల్లేకుండా వివరాలు కొన్ని మార్చి రాస్తున్నాను.

ప్రతి మంచం దగ్గరా ఆమె మొదట అడిగేది రిపోర్టు కాదు. "జొరం ఎన్నో రోజు?" అంటారు. చెప్పిన అంకెను కేస్ షీటు నెత్తిన ఎర్ర పెన్నుతో రాస్తారు. పరీక్షకు అర్థం ఆ అంకెను బట్టే వస్తుందని హౌస్ సర్జన్లకు నేర్పుతున్నారు. డెంగీకి ఎన్ఎస్1 పరీక్ష మొదటి ఐదు రోజుల్లో పనికొస్తుంది, ఐజీఎం ఆ తర్వాతే. రెండో రోజున ఐజీఎం చేయించి "డెంగీ లేదు" అని ఇంటికి పంపితే, లేదన్నది మనమే గాని జబ్బు కాదు.

ఆడవాళ్ళ వైపు నలభై ఏళ్ళు దాటిన ఒకావిడ ఉన్నారు. తొమ్మిదో రోజు. ఊళ్ళో ఆర్ఎంపీ నొప్పుల సూది మూడుసార్లు పొడిచాడు. టౌనులో ల్యాబు వాళ్ళు "టైఫాయిడ్ పాజిటివ్" అని చీటీ ఇచ్చారు. సెఫ్ట్రియాక్సోన్ ఐదు రోజులు ఎక్కించినా జ్వరం దిగలేదు. ప్లేట్‌లెట్లు అరవై వేలు. కాలేయం రిపోర్టు తేడాగా ఉంది, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 2.4. తెచ్చిన కాగితాలను డాక్టరమ్మ ఒకసారి తిప్పి పక్కన పెట్టి మంచం అంచున కూర్చున్నారు.

"ఏ పనికెళ్తావమ్మా?"

"జీడితోటలో తుప్పలు కొట్టడానికెళ్ళాను."

"ఈ వారంలోనా?"

"లేదమ్మా, పున్నం ముందర. జొరం రావడానికి పది పదిహేను రోజుల ముందు."

ఆ పది పదిహేను రోజులే కావాలి డాక్టరమ్మకు. స్క్రబ్ టైఫస్‌ను అంటించేది నల్లి జాతికి చెందిన ఒక పురుగు పిల్ల, కంటికి ఆనీ ఆననంత ఉంటుంది. కుట్టినప్పుడు తెలియదు. జ్వరం రావడానికి ఆరు రోజుల నుంచి మూడు వారాల దాకా పట్టవచ్చు. కుట్టిన చోట చాలామందికి నల్లటి పక్కు కడుతుంది, సిగరెట్టుతో కాల్చినట్టుగా. నొప్పి ఉండదు, దురద ఉండదు కాబట్టి రోగి దాని సంగతి చెప్పరు. ఉండేది చంకలో, గజ్జల్లో, రొమ్ము కింద, బొడ్డు దగ్గర, చెవి వెనక. అంటే వైద్యులు మామూలుగా చూడని చోట్ల, ఆడవాళ్ళు చూపించడానికి ఇష్టపడని చోట్ల.

వార్డులో మంచాల మధ్య తెరలు లేవు. ఇద్దరు సిస్టర్లు దుప్పటి పట్టుకుని అడ్డంగా నిలబడ్డారు. నేను బయటికి నడిచాను. కాసేపటికి లోపలినుంచి "ఇదిగో, ఉంది" అన్న మాట వినిపించింది. ఎడమ రొమ్ము కింది మడతలో కందిబద్దంత పక్కు, చుట్టూ ఎర్రటి అంచు. అంతకుముందు ఆమెను చూసినవాళ్ళెవరూ అక్కడ చూడలేదు. స్క్రబ్ టైఫస్‌ను పట్టే ఎలైజా రక్తపరీక్ష కిట్లు పంపాలని పత్రికల్లో వార్తలు వస్తుంటాయి, రావాలి కూడా. కానీ ఎలైజాను ఒక్కో రోగికీ విడిగా చేయరు. కొన్ని నమూనాలు పోగయ్యాక కలిపి చేస్తారు కాబట్టి రిపోర్టు రావడానికి రోజులు పడుతుంది. పక్కు నిమిషంలో దొరికింది. మంచానికో తెర కూడా కిట్టంత ముఖ్యమైన వైద్య పరికరమని నేను గట్టిగా నమ్ముతున్నాను. దాని గురించి వార్తలు రావు.

సెఫ్ట్రియాక్సోన్ ఎందుకు పనిచేయలేదో పీజీ విద్యార్థి చెప్పాడు. ఆ మందు బ్యాక్టీరియా గోడను కట్టనివ్వదు. స్క్రబ్ టైఫస్ సూక్ష్మజీవి మన కణాల లోపల దాక్కుని బతుకుతుంది, దానికి అలాంటి గోడ సరిగ్గా లేదు. దాని మీద పనిచేసేది డాక్సీసైక్లిన్. చవకైన మాత్ర, ప్రతి మందుల షాపులో ఉంటుంది. గర్భిణులకైతే అజిత్రోమైసిన్ ఇస్తారు. ముదిరిన జబ్బుకు ఈ రెండూ కలిపి నరానికి ఎక్కిస్తే, ఒక్కోటీ విడిగా ఇచ్చినదానికన్నా మేలని మన దేశంలోని ఏడు ఆసుపత్రుల్లో చేసిన పరిశోధన 2023లో తేల్చింది.

మరి ఆ "టైఫాయిడ్ పాజిటివ్" మాటేమిటి? అది విడాల్ పరీక్ష, 1896 నాటిది. ఎప్పుడో వచ్చి తగ్గిపోయిన టైఫాయిడ్ ఆనవాళ్ళను కూడా అది చూపిస్తుంది, వేరే జ్వరాల్లోనూ తప్పుగా పాజిటివ్ వస్తుంది. మన ప్రాంతంలో ఒక్కసారి చేసిన విడాల్‌ను పట్టుకుని ఏదీ తేల్చలేం. టైఫాయిడ్ అని చెప్పాలంటే యాంటిబయాటిక్ మొదలుపెట్టకముందు రక్తం తీసి కల్చర్ చేయాలి. డాక్టరమ్మకు కోపం తెప్పించేది పరీక్ష కాదు, దాని తర్వాత జరిగేది. "జ్వరానికి ఒక పేరు పెట్టేస్తే ఇక ఎవరూ వెతకరండీ. ఈవిడ విషయంలో ఐదు రోజులు ఎవరూ వెతకలేదు" అన్నారు.

ఇక క్రియాటినిన్. వేరే జిల్లాలో అయితే జ్వరం కిడ్నీలను దెబ్బతీసిందని రాసేసేవారు. ఇది ఉద్దానం. పలాస, కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మండలాల్లో కారణం తేలని కిడ్నీ జబ్బు దశాబ్దాలుగా మనుషులను తీసుకుపోతోంది. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచేదాకా వచ్చింది పరిస్థితి. అందుకే "పాత చీటీలున్నాయా?" అని అడిగారు. కొడుకు పాలిథిన్ కవరు విప్పాడు. రెండేళ్ళ కిందటి క్యాంపు చీటీలో క్రియాటినిన్ 1.9 అని ఉంది. స్కానులో కిడ్నీలు రెండూ చిక్కిపోయి ఉన్నాయి. అంటే ఎక్కువ భాగం పాత నష్టమే. జ్వరం దాని మీద కొంత వేసింది, నొప్పుల సూదులు మరికొంత వేసి ఉండవచ్చు. డాక్సీసైక్లిన్‌ను కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకూ మోతాదు తగ్గించకుండా ఇవ్వవచ్చు. ఆ ఒక్క సంగతే ఆ ఉదయం నాకు ఊరటనిచ్చింది. కేస్ షీటు మీద "నొప్పుల ఇంజెక్షన్లు ఇవ్వరాదు" అని పెద్దక్షరాలతో రాశారు. మాత్ర మొదలుపెట్టిన రెండో రాత్రికి ఆవిడ జ్వరం దిగింది. అలా దిగడం కూడా రోగ నిర్ధారణకు ఒక సాక్ష్యమేనట.

మగవాళ్ళ వైపు డెంగీ కుర్రాడి తల్లి ప్లేట్‌లెట్లు ఎక్కించమని బతిమాలుతోంది. ముప్పై వేలున్నాయి. రక్తం కారడం లేదు. పదివేల కిందికి పడిపోతేనో, రక్తస్రావం ఉంటేనో తప్ప ఎక్కించనక్కర లేదు. జ్వరం తగ్గిందని ఆమె సంబరపడుతుంటే డాక్టరమ్మ మాత్రం అప్పుడే ఎక్కువ జాగ్రత్తపడ్డారు. డెంగీలో రక్తనాళాల నుంచి నీరు కారిపోయే ప్రమాదం జ్వరం దిగే వేళే మొదలవుతుంది. ఆమె చూసింది రక్తం చిక్కదనం చెప్పే హెమటోక్రిట్, పై బీపీకీ కింది బీపీకీ మధ్య తేడా, చేతులు చల్లబడ్డాయా, ఎన్నిసార్లు మూత్రానికి వెళ్ళాడు.

చివరి మంచం మీద వరి రైతు. షుగరు ఉంది. మూడు వారాలుగా జ్వరం, ప్లీహంలో చీము గడ్డలు. పైనుంచి వచ్చిన చీటీలో "క్షయ అనుమానం, మందులు మొదలుపెట్టండి" అని ఉంది. ఆమె మొదలుపెట్టలేదు. చీము తీయించి కల్చర్‌కు పంపి, ల్యాబుకు ఫోన్ చేశారు. "సూడోమోనాస్ ఏదో పెరిగింది, బయటినుంచి పడిందేమో అని పారేయకండి. జెంటామైసిన్‌కీ కొలిస్టిన్‌కీ లొంగక, కో-అమాక్సిక్లావ్‌కి లొంగితే వెంటనే నాకు చెప్పండి."

ఆమె మనసులో ఉన్నది మెలియాయిడోసిస్. మట్టిలో, నిలవ నీటిలో ఉండే బ్యాక్టీరియా వల్ల వస్తుంది, షుగరున్న రైతులను ఎక్కువగా పట్టుకుంటుంది, అచ్చం క్షయలా కనబడుతుంది. దీన్ని మొదట 1912లో వివరంగా రాసింది రంగూన్‌లో పనిచేసిన విట్మోర్, కృష్ణస్వామి. ఆ రోజుల్లో ఈ జిల్లా మనుషులు కూలికోసం ఓడెక్కి వెళ్ళిన ఊరదే. జబ్బు తెలిసి వందేళ్ళు దాటినా మన జిల్లా ల్యాబుల్లో దాని పేరు తలిచేవాళ్ళు ఇప్పటికీ తక్కువే.

మూడో రోజు ల్యాబు నుంచి ఫోన్ వచ్చింది. అడిగినట్టే ఉంది. ఖరారు చేయడానికి నమూనాను పెద్ద కేంద్రానికి పంపుతూనే సాయంత్రానికి ఇంజెక్షన్ మార్చారు. కనీసం రెండు వారాలు నరానికి, తర్వాత మూడు నెలలపాటు మాత్రలు. ఆ మూడు నెలల మాట వినగానే రైతు భార్య ముఖం మారింది. కోతలు దగ్గరపడ్డాయి, ఊరి నుంచి ఇక్కడికి రెండు బస్సులు మారాలి. మాత్రలు మధ్యలో ఆపేస్తే గడ్డలు మళ్ళీ వస్తాయని ఆమెకు చెప్పి, వాళ్ళ పీహెచ్‌సీ డాక్టరు నంబరు వెతికి పట్టుకున్నారు డాక్టరమ్మ. ఏ మాత్ర, ఎన్ని, ఏ తేదీ దాకా, ఏ రక్తపరీక్ష ఎప్పుడు చేయాలో వివరంగా చెప్పి, అదే మళ్ళీ తెలుగులో కాగితం మీద రాసి ఆమె చేతికిచ్చారు.