తొంభై మీటర్ల దూరాన సముద్రం

పుదుచ్చేరి పట్టణానికి ఉత్తరాన, కాలాపేట చేరువలో పిళ్ళైచావడి ఉన్నది. 1980లలో పుదుచ్చేరి రేవుకై కట్టిన అడ్డుగోడలు దక్షిణం నుంచి కొట్టుకువచ్చే ఇసుకను నిలిపివేశాయి. నాటినుంచి ఉత్తరపు పల్లెల తీరం కోసుకుపోతూనే ఉన్నది.

యానాం నుంచి ఉద్యోగరీత్యా వచ్చి అక్కడ స్థిరపడిన ఒక విశ్రాంత ఉద్యోగి తల్లికి ఈ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. ప్రతి ఉదయమూ ఆమె తోట చివర కూర్చుని, ఒంటి కొబ్బరిచెట్టుకూ నీటికీ నడుమ మిగిలిన ఇసుకను కంటితో కొలిచేది. తుంటి ఎముక విరిగి వీధివైపు గదిలో మంచం పట్టాక ఆ కొలత ఆగిపోయింది.

“ఒరే అబ్బాయ్, చెట్టుందా?”

“ఉందమ్మా.”

ఆమె నమ్మేది కాదు. తన మనసు నొప్పించకుండా కొడుకు అబద్ధమాడుతున్నాడని ఆమె అనుమానం.

ఆయన తోట చివర స్తంభానికి ఒక చిన్న కెమెరా బిగించి, తల్లి గదిలోని పాత టీవీకి తీగ లాగించాడు. గోడల వెంట తిప్పితే తొంభై మీటర్లు. దుకాణంలో డిష్ ఆంటెన్నాల కేబుల్ చుట్ట ఇచ్చారు, ధర తక్కువ. కరెంటు తీగను ఆనించే దాన్ని పరిచారు. బొమ్మ వచ్చింది గాని, మసక. దానిమీద అడ్డచారలు పైకి పాకుతున్నాయి. కొద్ది వారాలకు అతుకుల వద్ద తుప్పు చేరి, ఆ మాత్రపు బొమ్మా పోయింది.

తెగిన ముక్కను ఆయన అయస్కాంతం దగ్గర పెట్టి చూశాడు. నడిమి తీగ టక్కున అంటుకున్నది! లోపల ఉక్కు, పైన రాగి పూత. డిష్ సంకేతం సెకనుకు వంద కోట్లకు అటూ ఇటూ కంపనాలతో వస్తుంది కనుక తీగ పైపొరలోనే ప్రవహిస్తుంది. దానికి పూత చాలు. ఇటువంటి కెమెరా బొమ్మ యాభై లక్షల కంపనాలకు మించదు. అది తీగ లోపలికీ చొరబడుతుంది, అక్కడ ఉక్కు అడ్డుపడుతుంది. పది మీటర్లలో తెలియని ఈ లోపం తొంభై మీటర్లలో బయటపడుతుంది. పైగా చుట్టూ ఉన్న అల్లిక పలుచని అల్యూమినియం. కరెంటు తీగ రొదను అది ఆపలేకపోయింది.

రెండవసారి ఆయన ధర అడగలేదు, అయస్కాంతం జేబులో వేసుకొని వెళ్ళాడు. అంటుకోనంత మాత్రాన రాగి అని నమ్మరాదు, అల్యూమినియమూ అంటుకోదు; అందుచేత కొసను చాకుతో గీకి లోపలిదాకా ఎర్రగా ఉందో లేదో చూశాడు. దుకాణదారుడు నవ్వాడు. నవ్వనీ. 75 ఓముల కేబులే. కాని నడుమ ముద్ద రాగి, చుట్టూ దట్టమైన రాగి అల్లిక, ఎండకు ఆగే నల్లని తొడుగు. కరెంటు తీగకు మూరెడు ఎడంగా, ఎక్కడా అతుకు లేకుండా పరిపించాడు. సముద్రపు కొసన రబ్బరు టేపు బిగించి చుట్టాడు. ఉప్పుతేమ లోపలికి దిగిందా, దీపపు వత్తి నూనె పీల్చినట్లు అల్లిక దాన్ని మీటర్ల కొద్దీ పీలుస్తుంది.

ఆ సాయంత్రం తెరపై అలలు విరిగాయి. తల్లి చాలాసేపు చూసింది.

“నీళ్ళు సరేరా. కాస్త ఎడమకు తిప్పు, చెట్టు కనపడాలి.”

ఆయన నిచ్చెన తీసుకొని తోటలోకి నడిచాడు.